గుడి మెట్టు, ఆర్‌.ఎల్‌. 100.000

1988లో అనంతపురంలో డిప్లొమా సివిల్‌లో చేరాను. క్లాసులో అరవై మందిమి. అందులో అమ్మాయిలం ఐదుగురం. మొదటి సర్వే ప్రాక్టికల్ నాటికి ఆషాఢం గాలి ఇంకా తగ్గలేదు. అనంతపురంలో ఆ గాలి ఎట్లా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఎర్రమన్ను లేచి కళ్ళల్లో పడుతోంది. వోణీ కొంగు నడుముకు బిగించి దోపుకొని మైదానంలో ఒక పక్కగా నిలబడ్డాం. దూరం నుంచి ఒకాయన భుజం మీద ఇనుప మోపు ఒకటి పెట్టుకొని వస్తున్నాడు. అడుగు వేసినప్పుడల్లా అది గలగలమంటోంది.

ఆయన మా సర్వే స్టోర్ అటెండర్. అందరూ స్టోరన్న అనేవాళ్ళు. యాభై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు తుంగభద్ర ఎగువ కాలువ పనుల్లో ఖలాసీగా చేశాడు. మా వైపు ఆ కాలువను హెచ్చెల్సీ అంటాం. ఇంగ్లీషు చదవడం రాదు గాని ఆఫ్‌సెట్, బెంచ్‌మార్క్, చేంజ్ పాయింట్ అనే మాటలు ఆయన నోట్లో తెలుగు మాటల్లాగే పలికేవి.

ఆ మోపు సర్వే గొలుసు. ముప్ఫై మీటర్లది, 150 లింకులు, లింకు 20 సెంటీమీటర్లు. రెండు చివర్లా ఇత్తడి పిడులు, మీటరుకు ఒక చిన్న ఇత్తడి రింగు, ఐదు మీటర్లకు ఒక ఇత్తడి బిళ్ళ. స్టోరన్న రెండు పిడులూ ఎడమచేతిలో పట్టుకొని, మిగతా కట్టను కుడిచేత్తో ఒక్క విసురు విసిరాడు. గొలుసు గాలిలోనే విచ్చుకుంటూ పోయి ఎర్రమన్ను మీద తిన్నగా పడింది. ఎక్కడా ముడి లేదు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వలేదు. "మడిచేది నేర్చుకోండి అప్పా, విసిరేది దాని వెనకాలే వస్తాది" అన్నాడు.

మడవడం మధ్యలో నుంచి మొదలుపెట్టాలి. మధ్య బిళ్ళ దగ్గర రెండేసి లింకులు కలిపి పట్టుకొని, ఒకదాని మీద ఒకటి కొంచెం ఏటవాలుగా పేర్చుకుంటూ పిడుల దాకా రావాలి. అప్పుడు అది నడుము సన్నగా ఉన్న వరిమోపులా కుదురుతుంది. చివరి నుంచి మడిస్తే మరుసటి రోజు విప్పేటప్పుడు ఒక గంట చిక్కు తీయడానికే పోతుంది. మా బ్యాచ్ మొదటి వారం అదే చేసింది. స్టోరన్న ఏమీ అనకుండా పక్కన కూర్చొని ఒక్కొక్క లింకూ విడదీశాడు. ఆయన వేళ్ళు కదిలిన తీరు చూసి నాకు మా అవ్వ చెనక్కాయలు ఒలిచేది గుర్తొచ్చింది.

గొలుసుకు పది ఆరోలు ఉంటాయి. సన్నటి ఇనుప చువ్వలు, ఒక కొస మొన, ఒక కొస రింగు. ముందు నడిచేవాడు లీడర్, వెనక వచ్చేవాడు ఫాలోయర్. లీడర్ ఒక్కో గొలుసు పొడవుకు ఒక ఆరో గుచ్చుకుంటూ పోతే ఫాలోయర్ వాటిని ఏరుకుంటూ వస్తాడు. ఫాలోయర్ చేతిలో ఎన్ని ఆరోలు ఉంటే అన్ని గొలుసులు కొలిచినట్టు. చదువు రాని మనిషి కూడా తప్పకుండా లెక్కపెట్టగలిగే ఏర్పాటు ఇది, నాకు చాలా నచ్చింది. లైను తిన్నగా ఉండడానికి రేంజింగ్ రాడ్లు పాతుతాం. ఆ గాలిలో అరిచినా వినపడదు కాబట్టి అంతా చేతుల సైగలే. కుడిచెయ్యి చాపితే ఆ చెయ్యి చూపిన వైపుకు జరుగు, రెండు చేతులూ తల మీదికెత్తి దించితే సరిగ్గా ఉంది అని. సైగలు రెండు రోజుల్లో వచ్చేశాయి. తర్వాత కాంటీన్‌లో కూడా మేం ఐదుగురం దూరం నుంచి అట్లాగే మాట్లాడుకునేవాళ్ళం.

స్టోర్లో ఒక మూల ఇంకో గొలుసు ఉండేది. పాతది, తుప్పు పట్టింది, పొట్టిది. దాన్ని ఎవరికీ ఇచ్చేవాళ్ళు కాదు. ఇదేందన్నా అని ఒకరోజు అడిగాను.

"అది మీ నాయన భూమి కొలిచిన గొలుసు పాపా" అన్నాడు.

మా నాయన ఆయనకు తెలియడు. భూములు కొలిచిన గొలుసులన్నీ ఆ రకానివే అని చెప్పడం ఆయన ఉద్దేశం. గుంటర్ గొలుసు, 66 అడుగులు, వంద లింకులు. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణితవేత్త 1620 ప్రాంతంలో తయారుచేశాడు. ఒక లింకు 7.92 అంగుళాలు. ఇదేం కొలత అని మొదట విసుగ్గా అనిపించింది. మా లెక్చరర్ బోర్డు మీద రెండు లైన్లలో తేల్చాడు. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేల సరిగ్గా ఒక ఎకరం. అంటే లక్ష చదరపు లింకులు. దాంట్లో వందో వంతు సెంటు, అంటే వెయ్యి చదరపు లింకులు. ఎనభై గొలుసులైతే మైలు. వందలూ వేలే కాబట్టి అడుగులతో భాగించే బాధ లేదు. సెంటు అనే మాట పుట్టినప్పటి నుంచి వింటున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు నాయన దగ్గరున్న ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ళు చేను కొలిచి గీసిన పటం) నకలు తీసి చూశాను. మాకూ మా పెదనాయనకూ గెనిమ (చేని గట్టు) దగ్గర చాలా ఏళ్ళుగా మాట పట్టింపు ఉండేది. నాయన ఆ కాగితాన్ని ఒక రేకు పెట్టెలో, గుడ్డలో చుట్టి దాచేవాడు గాని దాంట్లో ఏముందో చదవలేడు. అంతకు ముందు నాకూ అది గీతలూ అంకెలే. ఇప్పుడు చూస్తే అర్థమైంది. చేనుకు నాలుగు మూలలు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు అడ్డంగా గీత, దాని మీద 500 అని ఉంది. ఆ గీత నుంచి మిగతా రెండు మూలలకు నిలువు గీతలు, ఒకటి 240, ఒకటి 180. అన్నీ లింకులు. చేను రెండు త్రిభుజాలైంది. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో లెక్క వేశాను. 240, 180 కలిపితే 420. 420ని 500తో గుణించి సగం చేస్తే లక్షా ఐదు వేలు. ఎకరా ఐదు సెంట్లు.

నాయన గోడకు ఆనుకొని చూస్తున్నాడు. "ఎకరా ఐదు సెంట్లు నాయనా" అన్నాను.

"మా నాయన చెప్పిందీ అదే. ఎంత ఉందో ఆయన చెప్పినాడు, ఎట్లొచ్చిందో నువ్వు చెప్పినావు" అన్నాడు. ఆ కాగితాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టేముందు నా చేత ఇంకోసారి ఆ రెండు త్రిభుజాలూ వేలితో చూపించుకున్నాడు. పెదనాయన దగ్గరికి కూడా ఆ క్యాలెండర్ కాగితం పట్టుకొని పోయాడు. గెనిమ గొడవ ఆ రోజుతో తీరిపోలేదు, కానీ ఇద్దరూ ఒకే పటం ముందు పెట్టుకొని మాట్లాడుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

సెలవులు అయ్యాక ఆ సంగతి స్టోరన్నకు చెబితే సంతోషించాడు గాని, వెంటనే "ఆ గొలుసు సాగిందో లేదో ఎవరికి తెలుసు?" అన్నాడు. గొలుసు వాడేకొద్దీ లింకుల కొనలు విచ్చుకొని సాగుతుంది. ముప్ఫై మీటర్లనుకున్నది పది సెంటీమీటర్లు ఎక్కువే ఉండొచ్చు. సాగిన గొలుసు తక్కువ చూపిస్తుంది. ఇరవై మీటర్ల గొలుసు పది సెంటీమీటర్లు సాగితే, మనం 400 మీటర్లని రాసుకున్నది నిజానికి 402. బురద లింకుల మధ్య పట్టినా, లింకు వంగినా పొట్టిదైపోయి ఎక్కువ చూపిస్తుంది. అందుకే స్టోర్ వరండా గచ్చు మీద ముప్ఫై మీటర్లకు రెండు గుర్తులు చెక్కి ఉండేవి. ప్రతి సోమవారం పొద్దున ఆయన గొలుసులన్నీ దాని మీద పరిచి చూసేవాడు. ఆ పని చేయమని ఆయనకు ఎవరూ చెప్పగా నేను వినలేదు.

స్టీలు టేపు కూడా అంతే. ఎండకు సాగుతుంది. ప్రమాణం 20 డిగ్రీల దగ్గర పెట్టిన ముప్ఫై మీటర్ల టేపును మన ఏప్రిల్ ఎండలో 42 డిగ్రీల దగ్గర వాడితే ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది. పుస్తకంలో ఆ ఫార్ములా చదివి పరీక్షలో రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అనంతపురంలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ టేపు చేత్తో పట్టుకున్నవాళ్ళకు ఫార్ములా అవసరం లేకుండానే అర్థమవుతుంది.

రెండో సెమిస్టర్‌లో ప్రిస్మాటిక్ కంపాస్. అరచేతిలో పట్టేంత ఇత్తడి డబ్బా. దాంట్లో అంకెలు తలకిందులుగా రాసి ఉంటాయి, సున్నా దక్షిణం వైపు ఉంటుంది. ప్రిజంలోంచి చూస్తే సరిగ్గా కనిపించడానికి, చూసే కన్ను లైనుకు వెనక కొసలో ఉంటుంది కాబట్టి ఆ ఏర్పాటు. ఒక లైను బేరింగ్, అంటే ఉత్తరం నుంచి ఆ లైను ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో, ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి తీసుకుంటే రెండింటికీ తేడా సరిగ్గా 180 డిగ్రీలు రావాలి. మాకు ఒక లైను ముందు నుంచి 64 డిగ్రీల 30 నిమిషాలు వచ్చింది. వెనక నుంచి 244 డిగ్రీల 30 నిమిషాలు రావాల్సింది 248 వచ్చింది. మళ్ళీ చూశాం, అదే వచ్చింది. కంపాస్ పాడైందన్నా అని స్టోరన్నను పిలిచాం. ఆయన వచ్చి కంపాస్ వైపు చూడనే లేదు. ట్రైపాడ్ కాళ్ళ మధ్య చూశాడు. మేం మడిచి పెట్టిన గొలుసు అక్కడే ఉంది. దాన్ని తీసుకొని ఇరవై అడుగులు నడిచిపోయి నిలబడ్డాడు. ముల్లు ఊగి ఊగి 244న్నర దగ్గర ఆగింది. దగ్గరున్న ఇనుము ముల్లును లాగేస్తుందనే లోకల్ అట్రాక్షన్ పాఠం అంతకు ముందు వారమే క్లాసులో అయింది. నోట్సులో చక్కగా రాసుకున్నాం కూడా.

ప్లేన్ టేబుల్ గురించి ఎక్కువ రాయలేను. పొలంలోనే కాగితం మీద పటం గీసుకుంటూ పోయే మంచి పద్ధతి, ఫీల్డ్ బుక్ కూడా అక్కర్లేదు. కానీ ఆ గాలికి కాగితం పటపట కొట్టుకుంటూ ఉంటే మా చేతులన్నీ దాన్ని పట్టుకోవడానికే సరిపోయేవి.

ఎత్తుల తేడా కొలిచే డంపీ లెవెల్ దగ్గర మాత్రం ఆగాలి.

లెవెల్‌ను ట్రైపాడ్ మీద బిగించాక బుడగను మధ్యకు తేవాలి. రెండు ఫుట్ స్క్రూలను ఒకేసారి, రెండూ లోపలికి గాని రెండూ బయటికి గాని తిప్పాలి. బుడగ మన ఎడమ బొటనవేలు పోయిన దారిలో పోతుంది. తర్వాత టెలిస్కోప్‌ను అడ్డంగా తిప్పి మూడో స్క్రూతో సరిచేయాలి. ఈ ఎడమ బొటనవేలు గుర్తు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెబుతాను. ఆ బుడగ కుదిరాక టెలిస్కోప్ ఎటు తిప్పినా చూపు ఒకే ఎత్తులో పోతుంది. ఎత్తు తెలిసిన చోట స్టాఫ్ (మీటర్ల గుర్తులున్న పొడవాటి కొలత కర్ర) నిలబెట్టి చదివితే బ్యాక్‌సైట్, తెలియని చోట నిలబెట్టి చదివితే ఫోర్‌సైట్. మొదటిది కలుపు, రెండోది తీసెయ్యి. మొత్తం లెవెలింగ్ అంతా ఈ కూడికా తీసివేతే.

మా లెవెల్ పాతది. దాంట్లో స్టాఫ్ తలకిందులుగా కనిపించేది. "పై నుంచి కిందికి చదవాల పాపా, మరచిపోతావు చూడు" అని స్టోరన్న ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో. స్టాఫ్ పట్టుకునేవాళ్ళకూ చెప్పేవాడు, దాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపమని. ఊగుతున్నప్పుడు కనిపించే అన్నిటికంటే తక్కువ రీడింగే స్టాఫ్ నిటారుగా ఉన్నప్పటిది.

ఫైనల్ ఇయర్‌లో సర్వే క్యాంప్. అనంతపురానికి బస్సులో ముప్పావు గంట దూరంలో ఒక ఊరి చెరువు. అబ్బాయిలు ఊరి స్కూల్లో ఉండేవాళ్ళు, మేం ఐదుగురం పొద్దున బస్సులో పోయి సాయంత్రం చివరి బస్సుకు తిరిగి వచ్చేవాళ్ళం. ఆ చెరువు కట్ట మీద నుంచి చూస్తే లోపల ఒక్క బొట్టు నీళ్ళు లేవు. తుమ్మచెట్లు మొలిచాయి. మేకలు మేస్తున్నాయి. ఆ ఊళ్ళో మా వయసు పిల్లలు ఆ చెరువు నిండడం చూడలేదన్నారు. కట్ట గట్టిదనం లెక్కగట్టడం, చెరువు లోపల నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో కాంటూర్ గీయడం మా పని.

మొదటి రోజు కట్ట కొసన ఉన్న ఆంజనేయస్వామి గుడి మెట్టు మీద తెల్లరంగుతో ఒక గుర్తు వేసి, దాని ఎత్తు, మా భాషలో ఆర్‌.ఎల్‌., 100.000 మీటర్లు అనుకున్నాం. నిజమైన ఎత్తు సముద్ర మట్టం నుంచి చెప్పాలి. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద రాసి ఉంటుందే, అట్లా. మాకు దగ్గర్లో అటువంటి బెంచ్‌మార్క్ లేదు కాబట్టి తాత్కాలికంగా నూరు అనుకున్నాం. పూజారి ఒప్పుకున్నాడు గాని, కాళ్ళు కడుక్కొని మెట్టెక్కి రంగు వేయమన్నాడు. స్టోరన్నే వేశాడు.

రెండో రోజు ఆ మెట్టు దగ్గర బయలుదేరి, కట్ట మీదుగా మరువ (అలుగు) దాకా పోయి, చెరువు చుట్టూ తిరిగి మళ్ళీ మెట్టు దగ్గరికే రావాలి. నాలుగు కిలోమీటర్లు. నలభై దాకా సెటప్పులు, అంటే లెవెల్‌ను నిలబెట్టే చోట్లు. లెవెల్ దగ్గర నేను, స్టాఫ్‌ల దగ్గర ఇద్దరు, బుక్ రాసేది ఇంకొకరు. సాయంత్రం నాలుగున్నరకు గుడి చేరాం. లెక్క వేస్తే మెట్టు ఎత్తు 99.840 వచ్చింది. అదే మెట్టు పొద్దున 100.000. పదహారు సెంటీమీటర్లు ఎక్కడో పోయాయి.

బ్యాక్‌సైట్లన్నీ కూడాం, ఫోర్‌సైట్లన్నీ కూడాం, తేడా తీశాం. అది కూడా సరిగ్గా మైనస్ 0.160 వచ్చింది. అంటే కూడికల్లో తప్పు లేదు. పుస్తకం పుస్తకంతో సరిపోతోంది, నేలతో సరిపోవడం లేదు. ఆ అరిథ్‌మెటిక్ చెక్ కలిస్తే చాలు అని చాలామంది అనుకుంటారు. అది మనం రాసుకున్నవి సరిగ్గా కూడామా లేదా అని మాత్రమే చెబుతుంది. తప్పు చదివింది రాసుకుంటే దానికి తెలియదు.

చివరి బస్సు ఐదున్నరకు. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. మా బ్యాచ్‌లో ఒకరు ఆ పదహారు సెంటీమీటర్లను నలభై సెటప్పులకూ తలా నాలుగు మిల్లీమీటర్లు పంచేద్దాం అన్నారు. రీడింగులు వండడం అంటారు దాన్ని. అది మాకు కొత్త మాట కాదు. నేనూ ఒక్క నిమిషం ఆ మాట విన్నాను, దాచుకోను.

లెక్చరర్ చింతచెట్టు కింద కూర్చొని బుక్ అడిగాడు. కోప్పడలేదు. "ఇంత దూరానికి ఎంత తప్పు ఒప్పుకోవచ్చు?" అన్నాడు. మామూలు లెవెలింగ్‌కు కిలోమీటర్ల వర్గమూలాన్ని 24 మిల్లీమీటర్లతో గుణించాలి. నాలుగు కిలోమీటర్లకు 48 మిల్లీమీటర్లు. మాది 160.

"పెద్ద కాలువలకు కిలోమీటరుకు పది, ఇరవై సెంటీమీటర్లే వాలు ఇస్తారు. మీ తప్పు అంటే ఒక కిలోమీటరు వాలు. హెచ్చెల్సీలో ఇట్లా చేసుంటే నీళ్ళు మీ ఊరికి ఎట్లా వచ్చేవమ్మా?" అన్నాడు. తర్వాత పెన్సిల్‌తో 160 రాసి, దాని కింద 80 రాశాడు. "మీటరు గుర్తుకు ఎనభై మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రీడింగ్ ఎక్కడుందో వెతకండి."

ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. వెతికాం. ఇరవై మూడో సెటప్పులో ఫోర్‌సైట్ 2.080. ఆయన స్టాఫ్ బొమ్మ గీసి చూపించాడు. తలకిందుల బొమ్మలో రెండు మీటర్ల గుర్తుకు పైన కనిపించేది రెండు కంటే తక్కువ. పైకి పోయేకొద్దీ ఎక్కువ అనుకొని చదివితే 1.920 కాస్తా 2.080 అవుతుంది. గుర్తుకు ఇటు ఎనభై, అటు ఎనభై, మొత్తం నూట అరవై. చదివింది నేను. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది, గాలికి కళ్ళు మండుతున్నాయి. అయినా చదివింది నేనే.

"అయితే 1.920 అని దిద్దేస్తాం సార్" అన్నాను.

"దిద్దితే అది కూడా వండడమే. రేపు ఆ చోటికి పోయి చూసి రండి" అన్నాడు.

మరుసటి పొద్దున ఆ ఇరవై మూడో చోటికి పోయాం. చేంజ్ పాయింట్, అంటే లెవెల్‌ను ముందుకు జరిపేటప్పుడు స్టాఫ్ నిలబెట్టిన చోటు, ఒక నల్ల బండ. దాని మీద సుద్దతో వేసిన గుర్తు రాత్రి మంచుకు కొంచెం కరిగినా ఉంది. స్టోరన్న స్టాఫ్ తానే పట్టుకున్నాడు. వెనకటి పాయింటు మీద ఒకసారి, ఈ బండ మీద ఒకసారి చదివి తేడా తీశాను. మేం ముందు రోజు రాసుకున్న దానికి సరిగ్గా 158 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. మెట్టు ఎత్తు 99.998. ఫీల్డ్ బుక్‌లో 2.080 మీద ఒక్క గీత కొట్టాం. ఫీల్డ్ బుక్‌లో రబ్బరు వాడకూడదు, తప్పు కూడా కనిపిస్తూనే ఉండాలి. పక్కన మళ్ళీ చూసిన రీడింగులు, తేదీ రాసి ముగ్గురం సంతకం పెట్టాం.

ఆ వారం రోజులూ చెరువు లోపల పది మీటర్లకు ఒక గడి చొప్పున లెవెల్స్ తీశాం. తుమ్మముళ్ళు కాళ్ళకు గుచ్చుకునేవి. మధ్యాహ్నం ఊళ్ళో ఒకామె ఉగ్గాణి, బజ్జి చేసి పంపేది. మరువ మీద మట్టం 98.460. చెరువు నిండితే నీళ్ళు అంతవరకే నిలుస్తాయి, ఆపైన వచ్చేది మరువ దాటి పోతుంది. చెరువు నిండుగా ఉన్నప్పటి కాంటూర్ కాబట్టి ఆ గీత అన్నిటికంటే ముఖ్యం. కాంటూర్ అంటే సమాన ఎత్తులో ఉన్న బిందువులను కలిపే రేఖ అని బట్టీపట్టి ఉన్నాను. డ్రాయింగ్ షీటు మీద నీలం పెన్సిల్‌తో దాన్ని గీస్తుంటే స్టోరన్న వంగి చూసి అడిగాడు.

"ఇది నీళ్ళ అంచు కదా పాపా?"

అవునన్నా అన్నాను. అప్పుడు కట్ట మీద నుంచి లోపలికి చూశాను. తుమ్మచెట్ల మధ్య, మేకల మధ్య, ఆ గీత ఎక్కడెక్కడ పోతుందో కనిపించినట్టే అనిపించింది. ఆ పెద్ద బండ తడుస్తుంది, ఈ వేపచెట్టు మొదలు తడవదు.

కొన్నేళ్ళకు ఉద్యోగంలో ఉండగా కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు చూశాను. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. 1369 నాటి శాసనం దాని దగ్గర ఉంది. వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని దాంట్లో రాశారు. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు దండాల లెక్కలో చెప్పారు. చెరువు కట్టాలంటే కావలసిన పన్నెండు చెప్పి, నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలన్నది కూడా వాటిలో చేర్చారు. ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట ఉండడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం అందులోవే. మధ్యలో మిట్ట ఉందో లేదో కొలవకుండా తెలియదు. డంపీ లెవెల్ లేని రోజుల్లో ఆ కొలత వేసిన మనుషుల పేర్లు శాసనంలో ఉంటే బాగుండేదని అక్కడ నిలబడి అనుకున్నాను.

గుత్తి మీదుగా రైల్లో పోయినప్పుడు కూడా అట్లాంటి ఆలోచనే వస్తుంది. 1802లో మద్రాసు దగ్గర మొదలైన గొప్ప త్రికోణమితీయ సర్వేలో లాంబ్టన్ అనే ఇంగ్లీషు సర్వేయర్ 1811లో గుత్తి దగ్గర ఒక బేస్‌లైన్ (త్రిభుజాల లెక్కకు ఆధారంగా నేల మీద కొలిచే గీత) కొలిపించాడు. ఆయన వాడిన పెద్ద థియొడొలైట్, కోణాలు కొలిచే పరికరం, అర టన్ను బరువు. దాన్ని ఎత్తుకొని గుట్టలెక్కిన మన వైపు వాళ్ళు ఎంతమందో. మేం నేర్చుకున్న వెర్నియర్ థియొడొలైట్ ఒక మనిషి భుజాన మోసేంతే. కోణాన్ని ఇరవై సెకన్లదాకా చదివేది; డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను. ఇరవై సెకన్లంటే కిలోమీటరు దూరంలో దాదాపు పది సెంటీమీటర్లు.

ఇప్పుడంతా మారింది. కోణం, దూరం రెండూ ఒకేసారి కొలిచే టోటల్ స్టేషన్లు వచ్చాయి. ఊళ్ళ రీసర్వేకు డ్రోన్లు ఎగిరాయి, ఉపగ్రహాలతో స్థానం చెప్పే రోవర్ పట్టుకొని ఒక్కరే పోయి హద్దు పాయింటు తీసుకొస్తున్నారు. మంచిదే. మా నాయనలాంటి వాళ్ళకు పని తొందరగా అవుతుంది. నా దగ్గర పనిచేసే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే పని, సాయంత్రం సామాన్లు సర్దేముందు పొద్దున మొదలుపెట్టిన పాయింటు మీద ఇంకోసారి పెట్టి చూడమని. కొందరు విసుక్కుంటారు. చూపించమని నిలబడతాను.

2021 నవంబరులో రాయలసీమ అంతా వానలు పట్టుకున్నాయి. మా క్యాంప్ చెరువు మరువ పారుతోందని ఆ వైపు పనిచేసే ఒకరు ఫోన్ చేశారు. ఆదివారం మా అమ్మాయిని తీసుకొని పోయాను. కట్ట మీద తిరునాళ్ళ లాగా జనం. ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, గాజులు నీళ్ళలో వదులుతున్నారు. మరువ మీద నుంచి ఎర్రటి నీళ్ళు జానెడు మందాన దుముకుతున్నాయి. గుడికి కొత్త బండలు పరిచారు. మా తెల్లరంగు గుర్తున్న మెట్టు వాటి కింద ఎక్కడో ఉంది. స్టోరన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

మా అమ్మాయి ఏం వెతుకుతున్నావమ్మా అని అడిగింది. వేలితో చూపించాను. నీళ్ళు ఆ వంకలోకి పోయి, అక్కడ తిరిగి, గుట్ట కింద సన్నగా లోపలికి వచ్చి మళ్ళీ బయటికి పోతున్నాయి. నీలం పెన్సిల్‌తో నేను తిప్పిన మలుపులే. పెద్ద బండ మునిగిపోయింది. వేపచెట్టు ఇంకా ఉంది, బాగా లావైంది. నీళ్ళు దాని మొదలుకు రెండడుగుల ఇవతల ఆగి ఉన్నాయి.